రక్తప్రవాహానికి లెక్క రాసిన అంధుడు – ఆయిలర్



మీ ఇంట్లో హైస్కూలు చదివే పిల్లలుంటే వాళ్ళ లెక్కల పుస్తకంలో ఆయిలర్ సూత్రం అన్న మాట మీ కంటపడే ఉంటుంది. పెట్టె వంటి ఆకారాలకు ముఖాలెన్ని, శీర్షాలెన్ని, అంచులెన్ని అని లెక్కపెట్టించే సూత్రమది. మార్కుల కోసం బట్టీ పడతాం, పరీక్ష అయిపోగానే మరిచిపోతాం. ఆ పేరుగల మనిషి ఎవరో, ఎలా బ్రతికాడో, ఎవరిని ఆరాధించాడో మనకు ఎవరూ చెప్పరు. ఈ వారం ఆయన గురించే చెబుతాను. దానికి కారణం ఉంది.

మా బల్కంపేటనుండి బయలుదేరితే ముందు అమీర్‌పేట వస్తుంది. మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటర్ కోర్సులు నేర్పే సంస్థలతో, వాటికోసం పల్లెలనుండి వచ్చిన యువతీయువకులతో ఆ వీధులు కిటకిటలాడుతుంటాయి. ఇంకొంచెం ముందుకు వెళితే పంజగుట్ట, నిమ్స్ ఆసుపత్రి. అక్కడ గుండెలో బ్లాకులున్నాయని విన్నవాళ్ళు రిపోర్టుల సంచులు పట్టుకొని కూర్చొని ఉంటారు. ఈ రెండు చోట్లకూ సంబంధమేమిటని అడుగుతారేమో! ఈనాడు గుండె ధమనుల్లో రక్తం ఎలా పారుతోందో కంప్యూటర్ లెక్కగట్టి చూపగలుగుతోంది. ఆ లెక్కకు మూలమైన సమీకరణాలను మొట్టమొదట రాసినవాడు లెయొనార్డ్ ఆయిలర్. రాసింది 1775లో. అప్పటికి ఆయనకు చూపు లేదు.

ఆయిలర్ కథోలికుడు కాడు. స్విట్జర్లాండులోని సంస్కరణ సభకు చెందిన పాస్టరుగారి కుమారుడు. మన పత్రికలో ఆయన జీవితం ఎందుకని ఎవరికైనా సందేహం కలిగితే, 1964లో రెండవ వతికాను మహాసభ క్రైస్తవ ఐక్యతపై వెలువరించిన పత్రాన్ని గుర్తుచేస్తాను. మననుండి వేరుపడిన సోదరులలో క్రీస్తు సంపద ఎక్కడ కనిపించినా సంతోషంతో గుర్తించి గౌరవించాలని శ్రీసభ అందులో మనకు నేర్పింది.

ఆయిలర్ 1707 ఏప్రిల్ 15న బాసెల్ నగరంలో జన్మించాడు. తల్లి కూడా పాస్టరుగారి ఇంటి ఆడపడుచే. కొడుకు తనలాగే దైవసేవకు రావాలని తండ్రి పౌల్ ఆశించాడు. పదమూడేళ్ళకే విశ్వవిద్యాలయంలో చేరిన ఆ కుర్రవాడు 1723లో తత్వశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నాడు. ఆ సందర్భంగా డెకార్ట్ సిద్ధాంతాలనూ న్యూటన్ సిద్ధాంతాలనూ పోల్చి ప్రసంగించాడు. గురువిద్యాలయంలో ఆ ఇద్దరినీ చదవడానికి తంటాలుపడిన మాబోటివాళ్ళకు, పదహారేళ్ళ వయసులో అది ఎంత పనో తెలుసు.

తరువాత తండ్రి మాట ప్రకారం దైవశాస్త్రం మొదలుపెట్టాడు. కాని ఆ ఊళ్ళోనే యోహాన్ బెర్నౌలీ అనే గొప్ప గణితవేత్త ఉన్నాడు. శనివారం మధ్యాహ్నాలు ఆయన దగ్గరకు వెళ్ళి సందేహాలు తీర్చుకునే అలవాటు ఆయిలర్‌కు ఉండేది. ఈ కుర్రవాడిని లెక్కలకు వదిలిపెట్టమని బెర్నౌలీ స్వయంగా నచ్చజెప్పగా పౌల్ సరేనన్నాడు. బిడ్డ పిలుపు తాను అనుకున్న దారిలో లేదని తెలిసినప్పుడు ఒప్పుకొని దీవించిన తండ్రి ఆయన. మన ఇళ్ళలో ఇది అంత సులువుగా జరగదు.

1726లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ విజ్ఞాన పరిషత్తునుండి ఆయిలర్‌కు పిలుపు వచ్చింది. విశేషమేమంటే ఆ పిలుపు లెక్కల శాఖకు కాదు, శరీరధర్మశాస్త్ర శాఖకు! యోహాన్‌గారి కుమారుడు, వైద్యపట్టా ఉన్న డానియల్ బెర్నౌలీ ఆయనకు ప్రాణమిత్రుడు. ఖాళీగా ఉన్న ఆ పదవి ఇప్పించింది అతడే. దానికోసం ఆయిలర్ ప్రయాణానికి ముందే మానవదేహం గురించి చదువుకున్నాడు. తీరా చేరాక ఆయనను గణితంలోకే తీసుకున్నారు. అయితే దాదాపు యాభై ఏళ్ళ తరువాత, రక్తం కదలిక అనే ఆ పాత విషయానికే ఆయన తిరిగివచ్చాడు.

1734లో చిత్రకారుడి కుమార్తె కాథరీనాను వివాహమాడాడు. వారికి పదముగ్గురు పిల్లలు. వారిలో పెరిగి పెద్దవాళ్ళయింది ఐదుగురే. ఎనిమిదిసార్లు ఆ తల్లిదండ్రులు చిన్న శవపేటిక వెనుక నడిచారు. 1735లో జ్వరం వచ్చి ఆయన చావు అంచుదాకా వెళ్ళాడు. 1738లో కుడికన్ను పోయింది.

1741లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఆహ్వానంపై బెర్లిన్ వెళ్ళి ఇరవై అయిదేళ్ళు పనిచేశాడు. ఆ రాజు కొలువులో మతవిశ్వాసాన్ని ఎగతాళి చేయడం గొప్ప తెలివికి గుర్తు. ఒంటికన్నుతో, మాటకారితనం లేకుండా, సాదాగా బ్రతికే ఆయిలర్ రాజుకు నచ్చలేదు. పురాణాల్లోని ఒంటికంటి రాక్షసుడి పేరు పెట్టి హేళన చేశాడు. ఆయిలర్ వాదులాటకు దిగలేదు. 1747లో దైవ ప్రత్యక్షతను సమర్థిస్తూ ఒక చిన్న పుస్తకం రాశాడు. ప్రతి సాయంత్రం ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి పవిత్రగ్రంథం చదివి వివరించేవాడు. కొడుకును దైవసేవకుడిగా చూడాలనుకున్న తండ్రి ఆశ ఆ విధంగానైనా కొంత తీరిందని నాకనిపిస్తుంది.

బెర్లిన్‌లో ఉండగానే, 1757లో, ద్రవాల కదలికకు సంబంధించిన మూల సమీకరణాలను ప్రచురించాడు. నదిలో నీటికీ, గొట్టంలో నూనెకూ, గాలికీ వర్తించే నియమాలను కొద్దిపాటి గణితంలో ఇమిడ్చాడు. ఈనాటికీ వాటిని ఆయిలర్ సమీకరణాలనే పిలుస్తారు.

1766లో మళ్ళీ పీటర్స్‌బర్గ్ చేరాడు. ఆ తరువాత కష్టాలు వరుసగా వచ్చాయి. మిగిలిన ఎడమకంటికి శుక్లం వచ్చి చూపు దాదాపుగా పోయింది. 1771లో ఇల్లు తగలబడింది. కన్ను కనబడని ఆయనను బాసెల్ నుండే వచ్చిన ఒక పనివాడు మంటల్లోకి చొరబడి భుజాన వేసుకొని బయటికి తెచ్చాడు. అదే ఏడాది శుక్లానికి శస్త్రచికిత్స జరిగి కొన్నాళ్ళు చూపు వచ్చింది. తరువాత చీముపట్టి అదీ పోయింది. 1773లో భార్య కన్నుమూసింది. యోబు గ్రంథం చదివినవారికి ఈ వరుస కొత్తగా అనిపించదు.

అయినా ఆయన పని ఆపలేదు. లెక్కంతా మనసులోనే చేసి, కొడుకుకూ శిష్యులకూ చెప్పి రాయించేవాడు. 1775వ సంవత్సరంలో సగటున వారానికి ఒకటికి మించి గణిత వ్యాసాలు సిద్ధం చేశాడు. ధమనుల్లో రక్త చలనానికి సూత్రాలు ఏమిటన్న వ్యాసం ఆ సంవత్సరానిదే.

ఆ వ్యాసంలో ఏముందో మీకు తేలికగా చెప్పే ప్రయత్నం చేస్తాను. గుండెనుండి బయలుదేరిన రక్తం ఒంట్లో తిరిగి మళ్ళీ గుండెకే చేరుతుందని 1628లోనే విలియం హార్వీ అనే ఆంగ్ల వైద్యుడు రుజువు చేశాడు. ఎదిగిన మనిషి గుండె విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు ఐదు లీటర్ల రక్తాన్ని తోస్తుంది. ఎంత వేగంతో, ఎంత ఒత్తిడితో అది ఏ చోటికి చేరుతుంది? ఆయిలర్ వేసుకున్న ప్రశ్న ఇది. దానికి రెండు నియమాలు రాశాడు. మొదటిది: ధమనిలో ఒక ముక్కలోకి వచ్చిన రక్తం అంతా ముందుకైనా పోవాలి, లేదా ఆ ముక్క ఉబ్బి దాన్ని తనలో ఉంచుకోవాలి. మాయమయ్యేది ఏదీ లేదు. రెండవది: వెనుక ఒత్తిడి ఎక్కువ, ముందు తక్కువ ఉన్నప్పుడు ఆ తేడా మేరకు రక్తం వేగం పుంజుకుంటుంది.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, ధమని ఇనుప గొట్టం కాదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా సాగుతుంది, మళ్ళీ ముడుచుకుంటుంది. మణికట్టు దగ్గర మనం నాడి పట్టి చూసేది అదే. రక్తం వేగం తెలియాలంటే గొట్టం వెడల్పు తెలియాలి. వెడల్పు తెలియాలంటే లోపలి ఒత్తిడి తెలియాలి. ఒత్తిడి తెలియాలంటే మళ్ళీ వేగమే తెలియాలి! ఒకదాని కొస మరొకదాని చేతిలో ఉంది. ఇనుప గొట్టానికైతే లెక్క తేల్చగలిగిన ఆయిలర్‌కు, సాగే గొట్టానికి దారి దొరకలేదు.

అప్పుడు ఆయన ఏం చేశాడు? ఇది నాకు చేతకాలేదని దాచుకోలేదు. అడ్డంకి దాటరానిదని వ్యాసం చివర ఒప్పుకున్నాడు. సృష్టికర్త పనులను లోతుగా పరిశీలించబోతే ఎక్కడైనా మనకు ఇలాంటి గోడే అడ్డొస్తుందని, ఒంట్లోని సన్నని పోగు ఒక్కదాని నిర్మాణమైనా మన తెలివికి పూర్తిగా అందదని, అందుచేత ఆయన జ్ఞానాన్నీ శక్తినీ ఆరాధించడమే మనకు తగినదని భావించాడు. అదే వ్యాసానికి ముగింపు. గణిత వ్యాసం మోకాళ్ళపై ముగిసింది.

ఆ రాతప్రతి ఆయన బ్రతికుండగా అచ్చు కాలేదు. 1862లోగాని వెలుగు చూడలేదు. ఈలోగా ఇతరులు తమ దారిలో ముందుకు సాగారు. 1808లో థామస్ యంగ్ అనే ఆంగ్ల వైద్యుడు నాడి అల ధమనిలో ఎంత వేగంగా పరుగెడుతుందో వివరించాడు. రక్తానికి జిగట ఉంటుంది గదా, అటువంటి జిగటను నావియర్, స్టోక్స్ అనే ఇద్దరు ద్రవాల సమీకరణాల్లో చేర్చారు. ఫ్రెంచి వైద్యుడు ప్వాజోయ్ 1840లలో సన్నని గొట్టాలతో ప్రయోగాలు చేసి ఒక కఠోర సత్యం బయటపెట్టాడు. ఒత్తిడి మారకుండా గొట్టం వ్యాసం సగానికి తగ్గితే, ప్రవాహం సగానికి కాదు, పదహారో వంతుకు పడిపోతుంది! నాళం కొద్దిగా సన్నబడినా శరీరం ఎందుకు తల్లడిల్లుతుందో దీన్నిబట్టి ఊహించుకోండి. 1860లో రీమన్ అనే జర్మన్ గణితవేత్త చూపిన పద్ధతితో ఆయిలర్‌ను ఆపిన చిక్కుముడి వంటిదాన్ని విప్పే దారి దొరికింది.

చివరికి కంప్యూటర్ వచ్చింది. అది ధమనిని వేల ముక్కలుగా కోస్తుంది, ఒక్క గుండె చప్పుడును వేల క్షణాలుగా విడగొడుతుంది. ఈ క్షణంలో ఒత్తిడి ఇంత, కాబట్టి వచ్చే క్షణంలో వేగం ఇంత, కాబట్టి వెడల్పు ఇంత అని అడుగు వెంట అడుగు వేసుకుంటూ పోతుంది. ఇక్కడ ఒక ఆశ్చర్యం చూడండి. ఇలా అడుగులు వేస్తూ లెక్క తేల్చే పద్ధతుల్లో అతి సరళమైనదానికి పేరే ఆయిలర్ పద్ధతి. దాన్ని ఆయన 1768లోనే తన పుస్తకంలో రాశాడు. మన ఇంజనీరింగ్ విద్యార్థులు ఈనాటికీ నేర్చుకుంటున్నారు. తలుపు ముందు ఆగిపోయిన మనిషి జేబులోనే తాళంచెవి తయారీ మొదలై ఉంది! కాని ఆ దారిలో వేయవలసిన అడుగులు కోట్లలో ఉంటాయి. ఏ మనిషి చేయీ అన్ని కూడికలు చేయలేదు.

ఇప్పుడు పంజగుట్ట ఆసుపత్రి వరండాలో కూర్చున్నవారి దగ్గరకు వద్దాం. ధమనిలో బ్లాకు కనబడింది. స్టెంట్ వేయాలా, మందులతో సరిపోతుందా? బ్లాకు కంటికి పెద్దదిగా కనిపించినంత మాత్రాన అది రక్తాన్ని నిజంగా ఆపుతోందని చెప్పలేం. సన్నని తీగను గుండె ధమనిలోకి పంపి బ్లాకుకు ముందు ఒత్తిడి ఎంత, వెనుక ఎంత అని కొలుస్తారు. వెనుక ఒత్తిడి ముందుదానిలో నూటికి 80 వంతులు గాని అంతకు తక్కువ గాని ఉంటే బ్లాకు రక్తాన్ని గట్టిగానే అడ్డుకుంటున్నదని వైద్యుల లెక్క. తీగ పంపకుండానే, సీటీ స్కాన్ బొమ్మను తీసుకొని, ద్రవాల సమీకరణాలతో ఆ ఒత్తిళ్ళను కంప్యూటర్‌లో లెక్కగట్టే విధానానికి 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. ఇది అన్ని ఆసుపత్రుల్లోనూ దొరికేది కాదు, అందరికీ సరిపడేదీ కాదు. అయినా పీటర్స్‌బర్గ్‌లో ఒక అంధుడు చెప్పి రాయించిన ఆలోచన రోగి మంచం పక్కకు చేరిందన్నది నిజం.

అయితే ఇక్కడే మనలను కలవరపెట్టే ప్రశ్న ఒకటి ఉంది. కంప్యూటర్ కోర్సు చదివే కుర్రవాడు నన్ను ఇలా అడగవచ్చు: ఆయిలర్ తనకు తెలియని చోట దేవుణ్ణి తలచుకున్నాడు, ఇప్పుడు ఆ లెక్క తేలిపోయింది గదా, ఇక అక్కడ దేవుడితో పనేముంది? దాటలేమని ఆయన అనుకున్న గోడను మనుషులు దాటారు. ఆ మాటవరకు ఆయన అంచనా తప్పింది. ఇది మనం ఒప్పుకోవాలి. ఒప్పుకోవడంలో విశ్వాసానికి నష్టం లేదు.

నష్టం మరొకచోట ఉంది. దేవుణ్ణి మన అజ్ఞానపు మూలలో కూర్చోబెట్టడంలో ఉంది. వైద్యుడు చేతులెత్తేసినప్పుడే దేవుడు గుర్తొస్తే, వైద్యం పెరిగేకొద్దీ మన దేవుడు చిన్నవాడైపోతాడు. కంప్యూటర్‌కు ఇంకా అంతుచిక్కనివి ఉన్నాయి, దేవుణ్ణి అక్కడికి జరుపుదాం అనుకుంటారేమో, అదీ వద్దు. రేపు ఆ మూలా వెలుగుతో నిండుతుంది. సర్వేశ్వరుడు కారణాల వరుసలో ఒక కారణం కాడని, ఆ వరుసంతటికీ ఉనికినిచ్చేవాడని పునీత తోమా అక్వినాసుగారు ఏనాడో బోధించారు. రక్తం ఒత్తిడి తేడావల్ల పారుతుంది. అలా పారే లోకం ఉండటం, దాన్ని గ్రహించే మనసు మనకుండటం దేవుని వరం. సృష్టిలోని వాటికి వాటి సొంత నియమాలున్నాయని, వాటిని పరిశోధించడం విశ్వాసానికి విరోధం కాదని 1965లో వతికాను మహాసభ కూడా స్పష్టం చేసింది.

ఆయిలర్ మోకరించింది ఎప్పుడో గమనించండి. లెక్క మొదలుపెట్టకముందు కాదు. ఇదంతా దేవుని మర్మం, మనకెందుకని కూర్చోలేదు. రెండు నియమాలూ రాసి, ఇనుప గొట్టం లెక్క తేల్చి, సాగే గొట్టం దగ్గర తన శక్తి మేరకు పెనుగులాడి, అప్పుడు తలవంచాడు. శ్రమనుండి పుట్టిన వినయమది, సోమరితనానికి వేసిన భక్తి ముసుగు కాదు. అందుకే ఆయన వదిలిన చోటునుండి ఇతరులు పని అందుకోగలిగారు.

ఆయన గురించి ఒక కథ చెబుతుంటారు. దైవాన్ని నమ్మని డిడెరో అనే ఫ్రెంచి పండితుణ్ణి రష్యా కొలువులో ఒక అర్థంలేని సూత్రం చెప్పి, కాబట్టి దేవుడున్నాడు అని నోరు మూయించాడట. చరిత్రకారులు దీన్ని కట్టుకథగానే చూస్తారు. నాకది ఊరటే. లెక్కలు తెలియనివాణ్ణి లెక్కలతో బెదిరించి గెలిచేది విశ్వాసం కాదు.

మన విచారణల్లో రెండు రకాల తప్పుదారులు కనిపిస్తాయి. ఛాతీలో నొప్పి వస్తున్నా ప్రార్థన చేయించుకున్నాం చాలు, పరీక్షలు దేనికి అనేవారు కొందరు. రిపోర్టు బాగుంది, ఇక గుడి దేనికి అనేవారు మరికొందరు. ఇద్దరూ దేవుణ్ణి వైద్యుడికి పోటీగా నిలబెడుతున్నారు. సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం ముప్పై ఎనిమిదవ అధ్యాయం తీసి చదవండి. ప్రార్థన చేయమనీ, వైద్యుణ్ణి గౌరవించమనీ ఆ అధ్యాయం ఒకేచోట బోధిస్తుంది. వ్యాధిగ్రస్తుల అభ్యంగనానికి గురువును పిలవండి. ఆంబులెన్సును అంతకంటె ముందు పిలవండి.

మన నగరంలోనే దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. క్షిపణుల శాస్త్రవేత్త అబ్దుల్ కలాంగారు, గుండె వైద్యులు సోమరాజుగారు కలిసి 1998లో తక్కువ ఖర్చుతో తయారయ్యే స్టెంట్‌ను రూపొందించారు. స్టెంట్ అంటే సన్నబడిన ధమనిని తెరిచి ఉంచే చిన్న లోహపు జాలీ గొట్టం. కలాం-రాజు స్టెంట్ అని దానికి పేరు. క్షిపణి చుట్టూ గాలి ప్రవాహాన్ని చదివే శాస్త్రమూ ధమనిలో రక్త ప్రవాహాన్ని చదివే శాస్త్రమూ ఒకే ఆయిలర్ సమీకరణాల బిడ్డలు. ఆయుధాలకోసం సానబెట్టిన తెలివి పేదవాడి గుండెకు పనికిరావడం చూస్తే, బుద్ధిని ఏ పనికి పెట్టాలో మనకు తెలుస్తుంది.

1783 సెప్టెంబరు 18. ఆయిలర్‌కు డెబ్బయ్యారేళ్ళు. ఆ రోజు కూడా పనిచేశాడు. అంతకు రెండేళ్ళ ముందు కనుగొన్న యురేనస్ గ్రహం దారి గురించి శిష్యుడితో చర్చించాడు. సాయంత్రం ఉన్నట్టుండి కుప్పకూలాడు. మెదడులో రక్తస్రావం. ఆ రాత్రే కన్నుమూశాడు. ఏ నాళాల లెక్క తనకు అందలేదో, అటువంటి ఒక నాళం చిట్లి ఆయన ప్రాణం పోయింది. తన సొంత ఒంట్లోని మర్మం ఆయన తేల్చకుండానే వెళ్ళాడు. మనమందరమూ అలాగే వెళతాం.

ప్రియ పాఠకులారా, అమీర్‌పేటలో కంప్యూటర్ ముందు కూర్చునే మీ కొడుకుకో కూతురుకో ఈ కథ చెప్పండి. వాళ్ళు కూర్చే లెక్క రేపు ఎవరి గుండెకు ఊపిరి పోస్తుందో తెలియదు గదా! మీరు ఈ రాత్రి పడుకునేముందు మణికట్టుపై వేలు పెట్టి ఒక్క నిమిషం నాడిని లెక్కపెట్టండి. ఆ కదలికకు కారణాలు పుస్తకాల్లో ఉన్నాయి. దానికి కృతజ్ఞత చెప్పవలసినది మాత్రం మీరే.

ప్రార్థిద్దాం: సృష్టికర్తవైన సర్వేశ్వరా, తెలుసుకునే బుద్ధినీ, తెలిసినకొద్దీ తలవంచే వినయాన్నీ మాకు దయచేయుము. గుండె జబ్బులతో బాధపడేవారినీ, వారికి సేవచేసే వైద్యులనూ, నర్సులనూ, పరిశోధకులనూ దీవించుము. ఆమెన్.